పొడుగు అంగీ, పంతొమ్మిది కాసుల బాకీ

పోయిన నెల ఈ పేజీలో చైనా రచయిత లూ షున్ పేరు మాటవరసకి ఎత్తాను, అంతే. ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. ఎక్కువ వాట్సాప్‌లోనే వచ్చాయి గానీ రెండు పోస్టు కార్డులు కూడా ఉన్నాయి, ఈ రోజుల్లో పోస్టు కార్డు చేతికి తగిలితే ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది. పేర్లు వేయొద్దని ఒకరిద్దరు అడిగారు కాబట్టి అందరివీ తీసేసి ఊళ్ళు మాత్రం ఉంచాను. మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి, ఈసారి పేజీ మొత్తం చైనాకే.

ప్రశ్న: సార్, చైనా సాహిత్యం అంటే మా నాయన బీరువాలో ఉన్న ఎర్ర అట్ట పుస్తకాలే నాకు తెలుసు. పది పేజీలు తిప్పేసరికి రైతు లేస్తాడు, భూస్వామి పడతాడు, కథ అయిపోతుంది. అంతా అంతేనా? (డిగ్రీ విద్యార్థి, ఆదోని)

జవాబు: ఆ పుస్తకాలు నేనూ చదివాను నాయనా, కాలేజీ రోజుల్లో చాలా చవగ్గా దొరికేవి. నువ్వు చెప్పింది నిజమే, కానీ నీ చేతికి తగిలింది మధ్య ముక్క. 1942లో అప్పటి కమ్యూనిస్టుల స్థావరం యెనాన్‌లో మావో రచయితల్ని కూర్చోబెట్టి, రాసేది రైతులకీ కార్మికులకీ సైనికులకీ పనికిరావాలని ప్రసంగాలు చేశాడు. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళకు పైగా అదే కొలబద్ద.

దానికి తలొగ్గినవాళ్ళు కూడా సుఖపడలేదు. లావ్ షె అని పెద్ద రచయిత, బీజింగ్‌లో రిక్షా లాగేవాడి మీద 1936లో ఒక నవల మొదలుపెట్టాడు. సొంత రిక్షా కోసం వాడు మూడేళ్ళు కడుపు మాడ్చుకుని డబ్బు కూడబెడతాడు, తీరా కొన్న కొన్నాళ్ళకే సైనికులు బండితో సహా వాణ్ణి పట్టుకుపోతారు. ఫైనాన్స్‌లో ఆటో తీసుకుని మూడు కంతులు తప్పేసరికి బండి పోగొట్టుకున్న మన కుర్రోళ్ళు గుర్తొచ్చారు నాకు. ఇంత రాసినవాణ్ణి 1966 ఆగస్టులో, సాంస్కృతిక విప్లవం పేరుతో మావో లేపిన కుర్ర దండు, రెడ్ గార్డులు, నలుగురిలో నిలబెట్టి కొట్టారు, ఒకటి రెండు రోజుల్లో చెరువులో శవమై తేలాడు.

కాబట్టి నువ్వు రెండు చివర్ల నుంచి మొదలుపెట్టు. ముందు చివర 1918 నుంచి 1937 దాకా, అంటే జపాన్‌తో పూర్తి యుద్ధం వచ్చేదాకా. వెనక చివర 1978 నుంచి. ఆ ఏడాదే షాంఘైలో ఒక యూనివర్సిటీ కుర్రాడు, పార్టీ మీద నమ్మకంతో తల్లిని వదిలేసి పోయిన కూతురి కథ రాసి క్లాసు గోడపత్రికకి అంటించాడు, తర్వాత పేపర్లో వచ్చింది. ఆ కథ పేరు ‘గాయపు మచ్చ’. దాని పేరు మీదే ఆ తరం రాతలన్నిటికీ పేరొచ్చింది. గొప్ప కథేం కాదు, కానీ అప్పటిదాకా నోరు మూసుకున్నవాళ్ళందరూ ఒక్కసారి ఏడ్చేశారు.

ప్రశ్న: సార్, ఎమ్మెస్సీ, బీఈడీ చేశాను. డీఎస్సీ రెండుసార్లు, గ్రూప్-2 ఒకసారి పోయింది. రూములో ఉండి మళ్ళీ ప్రిపేర్ అవుతున్నా. ఫోన్లో ఒక వీడియోలో చైనా కుర్రోళ్ళు ‘కోంగ్ యీజీ అంగీ విప్పలేకపోతున్నాం’ అంటున్నారు. ఏందా అంగీ? (అనంతపురం)

జవాబు: నాకు బాగా ఇష్టమైన కథ ఇది, కొంచెం ఎక్కువ చెప్తాను, ఓర్చుకో.

‘కోంగ్ యీజీ’ లూ షున్ 1919లో అచ్చేసిన కథ, ఆరేడు పేజీలు కూడా ఉండదు. ఒక చిన్న ఊళ్ళో సారా అంగడి. చెప్పేవాడు ఆ అంగట్లో సారా వెచ్చబెట్టే కుర్రాడు, చేరినప్పుడు పన్నెండేళ్ళు. కూలోళ్ళు పొట్టి అంగీలు వేసుకుని గల్లా దగ్గరే నిలబడి తాగుతారు. పొడుగు అంగీ వేసుకున్న పెద్దమనుషులు లోపలి గదిలోకి పోయి కూర్చుని తీరుబడిగా తాగుతారు. పొడుగు అంగీ వేసుకుని కూడా నిలబడి తాగేవాడు ఊరు మొత్తానికి ఒక్కడే, కోంగ్ యీజీ. ఆ అంగీ కూడా మురికిగా, చిరుగులతో, పదేళ్ళుగా ఉతికినట్టు ఉండదు.

చదువుకున్నవాడే, పాత గ్రాంథిక మాటలు నోట్లోంచి ఊడిపడుతుంటాయి. కానీ సర్కారు పరీక్షల్లో అన్నిటికన్నా కింది మెట్టు కూడా దాటలేదు. పుస్తకాలు నకలు రాసిపెట్టి బతకొచ్చు, చేతిరాత బాగుంటుంది. కానీ తాగుడు, బద్ధకం, నాలుగు రోజులకే కాగితాలూ కలాలూ ఎత్తుకుని మాయమవుతాడు. వాడొస్తే అంగట్లో ఒకటే నవ్వులు. తొమ్మిది రాగి కాసులు గల్లా మీద వరసగా పేర్చి రెండు గిన్నెల సారా, ఒక పళ్ళెం గుగ్గిళ్ళు అడుగుతాడు (సోంపు వేసి ఉడికించిన చిక్కుడు గింజలు, మన గుగ్గిళ్ళే అనుకో). ‘మళ్ళీ దొంగతనం చేసినావంట కదా’ అని ఎవడో అంటే మొహం ఎర్రబడి, నుదుటి నరాలు ఉబ్బి, పుస్తకం ఎత్తుకుంటే అది దొంగతనం కిందికి రాదని వాదిస్తాడు. పిల్లలు మూగితే తలా ఒక గింజ పెడతాడు, ఇంకా చూస్తుంటే పళ్ళెం మీద అరచెయ్యి అడ్డం పెట్టి, ఎక్కువ లేవురా, లేవు అని గ్రాంథికంలో చెప్తాడు. ఆ అరచెయ్యి చదివిన ఎన్నేళ్ళకో కూడా కళ్ళ ముందు నుంచి పోదు.

తర్వాత ఒకసారి ఒక పెద్దాయన ఇంట్లో పుస్తకాలు దొంగిలిస్తూ దొరికిపోతాడు. ఆ పెద్దాయన ఎవరనుకున్నావు, కోంగ్ యీజీ తప్పిన ఆ పరీక్షల్లోనే పై మెట్టు పాసైనవాడు. ముందు తప్పు ఒప్పుకుంటూ కాగితం రాయించుకుని, రాత్రంతా కొట్టించి కాళ్ళు విరగ్గొట్టిస్తాడు. చలి మొదలయ్యాక ఒకరోజు గల్లా కింద నుంచి సారా అడిగిన గొంతు వినిపిస్తుంది, వంగి చూస్తే కోంగ్ యీజీ నేల మీద చాప ముక్క మీద కూర్చుని ఉంటాడు, చేతులకి మట్టి. ఆ చేతులతో పాక్కుంటూ వచ్చాడన్నమాట. నాలుగు కాసులిచ్చి తాగి, అలాగే పోతాడు. ఇక కనపడడు. ఏడాది చివర అంగడి యజమాని పలక తీసి ‘కోంగ్ యీజీ ఇంకా పంతొమ్మిది కాసులు బాకీ’ అంటాడు. వచ్చే పండక్కీ అదే మాట. ఆ తర్వాత ఆ మాట కూడా ఉండదు.

ఆ పరీక్షలు వెయ్యేళ్ళకు పైగా నడిచి 1905లో రద్దయ్యాయి. లూ షున్ తాత పై దాకా పాసైనవాడే, ఆయన జైలుపాలయ్యాక ఇల్లు చితికిపోయింది, తండ్రి మందుల కోసం ఈ పిల్లాడు సామాన్లు తాకట్టు అంగడికి మోశాడు. తాకట్టు అంగడి గల్లా తనకంటే రెండింతలు ఎత్తుండేదని ఆయనే రాసుకున్నాడు. గల్లా ఆయన కథల్లోకి ఊరికే రాలేదు.

ఇప్పుడు వీడియో సంగతి. 2023 మొదట్లో చైనాలో డిగ్రీలున్న కుర్రోళ్ళు నెట్లో రాసుకున్నారు, చదువు పైకెక్కే మెట్టు అనుకున్నాం, తీరా చూస్తే దిగలేని అరుగు, విప్పలేని కోంగ్ యీజీ అంగీ అని. డెలివరీ పనికి పోదామంటే పట్టా అడ్డం, ఆఫీసు పనికి పోదామంటే పని లేదు. సర్కారు టీవీ వాళ్ళు వెంటనే, కోంగ్ యీజీ చెడిపోయింది చదువు వల్ల కాదు, భేషజం వదలక, ఒళ్ళొంచక అని సుద్దులు చెప్పారు. కుర్రోళ్ళు మండిపోయారు. మండరా మరి? ఆ ముక్క రాసినవాడు కథని గల్లా వెనకాల నిలబడి చదివాడు. ఆ ఏడాది జూన్‌లో వాళ్ళ లెక్క ప్రకారమే పట్టణాల్లో 16 నుంచి 24 ఏళ్ళవాళ్ళలో నిరుద్యోగం 21.3 శాతం. ఆగస్టులో ఆ లెక్క చెప్పడం ఆపేశారు, తర్వాత చదువుకుంటున్నవాళ్ళని తీసేసి 2024 జనవరి నుంచి కొత్త లెక్క చెప్పసాగారు.

మా వీధి టీ బంకులో ఒకాయన ఉండేవాడు, డబుల్ ఎమ్మే, ఇస్త్రీ చొక్కా లేకుండా నేను ఒక్కరోజూ చూడలేదు. బంకు అబ్బాయి ఖాతా పుస్తకంలో ఆయన పేరు బదులు ‘లెక్చరర్’ అని రాసుకునేవాడు, ఆయన ఎక్కడా లెక్చరర్‌గా చేయలేదు. కొన్నాళ్ళకి రావడం మానేశాడు. ఎక్కడికి పోయినాడప్పా అని అడిగితే ఆ అబ్బాయి పుస్తకం తెరిచి నూట నలభై అన్నాడు. నేను నవ్వాను కూడా. తర్వాత ఈ కథ మళ్ళీ చదివినప్పుడు ఆ నవ్వు గుర్తొచ్చి పుస్తకం మూసేశాను.

సలహా నువ్వు అడగలేదు కాబట్టి చెప్పను. కథ మాత్రం చదువు, ఒక టీ తాగే టైము చాలు.

ప్రశ్న: అయ్యా, మనకి గ్రాంథిక వ్యావహారిక తగాదా జరిగినట్టు వాళ్ళకీ జరిగిందా? (రిటైర్డ్ తెలుగు పండితుడు, ప్రొద్దుటూరు)

జవాబు: జరిగింది మాస్టారూ, మనకంటే ఘాటుగా. వాళ్ళ గ్రాంథికం వేల ఏళ్ళ నాటి భాష, పక్కన కూర్చుని చదివి వినిపించినా మామూలు మనిషికి అర్థం కాదు. ‘కొత్త యువత’ అనే పత్రికలో 1917 జనవరిలో హూ షి అనే ఆయన, వాడుక భాషలో రాయాలి, అరిగిపోయిన పడికట్టు మాటలు మానాలి అని వ్యాసం రాశాడు. తమాషా ఏంటంటే ఆ వ్యాసం గ్రాంథికంలో ఉంది! ఏడాది తిరిగాక 1918 మే నెలలో అదే పత్రికలో లూ షున్ ‘పిచ్చివాడి డైరీ’ వచ్చింది. దాన్ని ఆయన కట్టిన తీరు మీలాంటివాళ్ళకి నచ్చుతుంది. ముందుమాట గ్రాంథికంలో ఉంటుంది, అందులో ‘పాపం ఈ డైరీ రాసినాయనకి జబ్బు నయమైంది, సర్కారు ఉద్యోగం కోసం వేరే ఊరు పోయాడు’ అని చల్లగా చెప్తాడు. కింద డైరీ అంతా వాడుక భాషలో, ఊరంతా మనుషుల్ని తింటోందని, నీతి గ్రంథాల్లో అక్షరాల సందుల్లో కూడా ‘మనుషుల్ని తినండి’ అనే ఉందని ఒకటే గోల. పిచ్చివాడు మాట్లాడేది జనం భాష, కుదురుకున్నాక ఆయన గురించి చెప్పేది ఆఫీసు భాష. భాషే కథ అయిపోయింది.

మన ‘కన్యాశుల్కం’ 1892లోనే ఆడారు, 1897లో అచ్చయింది, అంటే ఈ విషయంలో మనమే ముందు. కానీ చైనాలో 1920కల్లా చిన్న క్లాసుల వాచకాలు వాడుక భాషలోకి మార్చమని ఉత్తర్వులొచ్చాయి. మన దగ్గర గిడుగు 1940లో పోయారు, బడి పుస్తకాల్లోకి ఆయన అడిగిన భాష రావడానికి ఆ తర్వాత కూడా దశాబ్దాలు పట్టింది.

ఇంకో మెలిక ఉంది, అది మన సీమవాళ్ళకే బాగా తెలుస్తుంది. వాడుక భాష అంటే ఎవరి వాడుక? వాళ్ళది ఉత్తరాది, బీజింగ్ వైపు మాట. లూ షున్ పుట్టిన షావోషింగ్ దక్షిణాన ఉంది, అక్కడ మాట వేరు, ఆయన ఇంట్లో మాట్లాడినట్టు రాయలేదు. మనకి కృష్ణా గోదావరి మాట ‘శిష్టం’ అయి ‘యాడికి పోతాండావు’ యాస అయిపోయినట్టే. మొన్నమొన్న షాంఘై మాట వాసనతో రాసిన ఒక పెద్ద నవలకి 2015లో వాళ్ళ పెద్ద బహుమతి వచ్చింది. కడపలో బ్రౌన్ దొర లైబ్రరీకి పోయినప్పుడల్లా నాకు ఇదే ఆలోచన, వేమన పద్యాలు పల్లెల్లోంచి ఏరి తెచ్చిన ఆయన ఇప్పుడొస్తే మన కథల్లో ఎన్ని మాటలు కొత్తగా రాసుకుంటాడో అని.

ప్రశ్న: సరిహద్దులో మన జవాన్లని చంపినవాళ్ళ కథలు మనకెందుకు? (కర్నూలు)

జవాబు: మీ కోపం అర్థమైంది, 2020లో నేనూ టీవీ ముందు నుంచి లేవలేదు. కానీ రిక్షావాడూ గుగ్గిళ్ళవాడూ ఎవరి మీదికీ తుపాకీ ఎత్తలేదు కదండీ.

ప్రశ్న: సార్, మా అవ్వ గంజి కేంద్రాల రోజుల గురించి చెప్పేది, సత్తు గిన్నె పట్టుకుని లైన్లో నిలబడ్డామని. చైనాలోనూ పెద్ద కరువు వచ్చిందంట. దాని మీద ఎవరైనా రాశారా? (గృహిణి, తాడిపత్రి)

జవాబు: రాశారమ్మా. యూ హ్వా అనే ఆయన 1995లో రాసిన ‘రక్తం అమ్ముకునేవాడి కథ’ దొరికితే వదలొద్దు, ఇంగ్లీషులో ఉంది. యూ హ్వా మొదట పళ్ళ డాక్టరు. రోజంతా జనం నోళ్ళలోకి చూసి విసుగెత్తింది, సాంస్కృతిక శాఖ వాళ్ళేమో వీధుల్లో ఊరికే తిరుగుతుండేవాళ్ళంట, ఆ ఉద్యోగం కావాలంటే ఏం చేయాలని అడిగి రాయడం మొదలుపెట్టానని ఆయనే చెప్పుకుంటాడు.

వాళ్ళ కరువు 1959 నుంచి 61 దాకా. వానలొక్కటే కారణం కాదు. 1958లో సర్కారు ఉక్కు ఎక్కువ తీయాలని ఊరూరా కొలుములు పెట్టించి ఇళ్ళల్లో ఇనప మూకుళ్ళు కూడా కరిగించింది, పొలం పని మూలపడింది, అధికార్లు పండని పంటని కాగితం మీద పండించారు, ఆ లెక్క ప్రకారం ధాన్యం ఎత్తుకుపోయారు. కోట్లలో చచ్చిపోయారు. ఇదంతా ఈ నవల్లో ఉపన్యాసంలా ఉండదు. షూ సాన్‌గ్వాన్ అని పట్టు మిల్లులో కూలి, పెళ్ళాం, ముగ్గురు మగపిల్లలు. యాభై ఏడు రోజులు జొన్నగంజి తాగాక (మొక్కజొన్నది) ఆయన పుట్టినరోజు వస్తుంది. ఆ రాత్రి దీపం లేకుండా పడుకుని, ఒక్కొక్కరికీ నోటితో వంట చేసి పెడతానంటాడు. చిన్నోడికి పంది మాంసం. ముక్కలు ఇంత మందంగా కోశా, ఉడకబెట్టా, నూనెలో వేయించా, సోయా పోశా, మసాలా వేశా, ఇక సన్న సెగ మీద పెట్టా అని ఒక్కో మెట్టూ చెప్తుంటే చీకట్లో గుటకలు వినపడతాయి. ఎవర్రా మింగేది, ఇది చిన్నోడి కూర, వాడు తప్ప ఎవరూ మింగకూడదు అని కసురుతాడు. తర్వాత పెళ్ళానికి చేప, చివరికి తనకి వేయించిన లివరు. రక్తం అమ్మిన ప్రతిసారీ ఆయన తినేది అదే.

మర్నాడు రక్తం అమ్మడానికి పోతాడు. పోయేముందు గిన్నెలు గిన్నెలు నీళ్ళు తాగుతాడు, రక్తం పలచబడి ఎక్కువ వస్తుందని వాళ్ళ నమ్మకం. ఆ డబ్బుతో అందరికీ నూడిల్స్ కొంటాడు, పెద్దోడికి తప్ప. పెద్దోడు తనకి పుట్టినవాడు కాదని ఆయన బాధ, రక్తం అమ్మిన డబ్బు కదా, వాడికి గెణుసుగడ్డ కొనుక్కోమని చిల్లర ఇస్తాడు. పిల్లాడు అలిగి పోతాడు. సాయంత్రం దాకా వెతికి, దొరికాక నానా తిట్లూ తిడుతూ వీపు మీద ఎక్కించుకుని నడుస్తాడు. దూరంగా హోటలు దీపాలు కనపడతాయి. నాయనా, నూడిల్స్ తినడానికేనా మనం పోయేది అని వాడు అడిగితే, తిట్లు ఆపేసి మెల్లగా అవునంటాడు.

ప్రశ్న: నోబెల్ వచ్చిన మో యాన్ అసలు పేరేమిటి? సర్కారు మనిషని తిడతారెందుకు? (కళ్యాణదుర్గం)

జవాబు: అసలు పేరు గ్వాన్ మోయే. కలం పేరుకి అర్థం ‘మాట్లాడొద్దు’, బయట నోరు జాగ్రత్త అని ఇంట్లో చెప్పేవాళ్ళంట. అయిదో తరగతితో చదువాగి పశువులు కాశాడు. 2012లో నోబెల్ వచ్చింది. అదే ఏడాది మావో యెనాన్ ప్రసంగాలని చేత్తో రాసిన వందమంది రచయితల్లో ఆయనా ఒకడు, అందుకే తిట్లు. నాకూ నచ్చలేదు. కానీ నవలల్లో మాత్రం నోరు మూసుకోలేదు, ఊళ్ళో అధికార్ల మీద ఆయన వేసినన్ని వెటకారాలు బయట తిరిగే విమర్శకులు వేయలేదు. నోబెల్ ప్రసంగంలో మొదట చెప్పింది, ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఫ్లాస్కు పగలగొట్టి గడ్డివాములో దాక్కున్న సంగతి. అమ్మ కొట్టలేదంట, తల నిమిరిందంట.

ప్రశ్న: ‘త్రీ బాడీ’ రాసినాయన థర్మల్ ప్లాంటు ఉద్యోగి అంటున్నారు, నిజమేనా? (థర్మల్ ప్లాంటు ఉద్యోగి, ముద్దనూరు)

జవాబు: నిజమే. ల్యూ సిషిన్, షాన్షీ రాష్ట్రంలో థర్మల్ ప్లాంటులో కంప్యూటర్ ఇంజినీరుగా చేసినవాడు, 2015లో ఆయన ‘త్రీ బాడీ’ నవలకి హ్యూగో అవార్డు (సైన్స్ ఫిక్షన్‌కి ఇచ్చే పెద్ద బహుమతి) వచ్చింది. చైనా పుస్తకంలో సాంస్కృతిక విప్లవం నాటి సన్నివేశం మధ్యలో పెట్టారు, ఇంగ్లీషులో మొదటికి తెచ్చారు. షిఫ్టు అయిపోయాక మీరూ మొదలుపెట్టండి, మాకు బూడిద తప్ప ఇంకోటి కనపడదని మాత్రం అనకండి.

ప్రశ్న: ఇంతసేపూ మగాళ్ళే. ఆడవాళ్ళు రాయలేదా సార్? (ఇంటర్ లెక్చరర్, కడప)

జవాబు: మొట్టికాయ సరిగ్గా పడింది అమ్మా. షియావ్ హోంగ్ దగ్గర మొదలుపెట్టండి. 1911లో ఉత్తరాన హులాన్ అనే ఊళ్ళో పుట్టింది. ఇంట్లో కుదిర్చిన పెళ్ళి కాదని పారిపోయింది. ఒకడు కడుపుతో ఉన్న ఆమెని హార్బిన్‌లో హోటల్లో బాకీతో సహా వదిలేసి పోయాడు, 1932 వరదల్లో బయటపడింది. 1935లో ఆమె నవలకి లూ షునే ముందుమాట రాశాడు. 1942లో హాంకాంగ్‌లో పోయేనాటికి ముప్ఫై ఏళ్ళు.

‘హులాన్ నది కథలు’లో ఊరి వీధి మధ్యన పెద్ద బురద గుంట ఉంటుంది. వానొస్తే బండ్లు దిగబడతాయి, గుర్రాలు పడతాయి, పక్కన ఇళ్ళ గోడ పట్టుకుని జనం అంగుళం అంగుళం జరుగుతారు. గోడ పడగొట్టాలని ఒకరంటారు, గోడ పక్కన చెట్లు నాటితే పట్టుకుని నడవొచ్చని ఇంకొకరంటారు. గుంట పూడుద్దామని మాత్రం ఒక్కరూ అనరు. మా కాలనీ రోడ్డు గుంట గురించి మేం పెట్టుకున్న మీటింగు అచ్చం ఇలాగే జరిగింది, ప్లాస్టిక్ డ్రమ్ములు నిలబెట్టాలా, పాత టైర్లా అని గంటసేపు కొట్టుకున్నాం.

గుంట వల్ల ఊరికి లాభం కూడా ఉందని రాస్తుందామె. అప్పుడప్పుడూ అందులో పందులు మునిగి చస్తాయి, ఆ మాంసం చవగ్గా దొరుకుతుంది. రోగంతో చచ్చిన పంది మాంసం కూడా ఆ పేరుతోనే అమ్ముతారు, అందరికీ తెలుసు, అయినా మునిగిందే అనుకుని తింటారు. ఒక పిల్లాడు మాత్రం, ఇది రోగమొచ్చిన పందిదని మా అమ్మ చెప్పిందని అందరి ముందూ అనేస్తాడు. వాళ్ళమ్మ వాణ్ణి కొడుతుంది. వాడు ఏడుస్తూ అవ్వ దగ్గరికి పోతాడు, అవ్వకి జాలేసి ఒళ్ళోకి తీసుకోబోతుంది, ఇంతలో వాకిట్లో పక్కింటామె నిలబడి చూస్తోందని గమనించి, ఆమె కూడా వీపు మీద ఒక్కటేస్తుంది.